సంతకం ఢిల్లీది, బతుకు మనది

తొంభైల చివర్లో నల్గొండ జిల్లాలో, భర్తలు వదిలేసిన స్త్రీల గురించి పరిశోధన చేస్తున్న రోజుల్లో, మనోవర్తి కోసం కోర్టు చుట్టూ తిరుగుతున్న ఒకామెను కలిశాను. అసలు పెళ్ళే జరగలేదని భర్త తరఫు వకీలు వాదిస్తున్నాడు. "పెండ్లయిందని కాయితం యాడికెళ్ళి తేవాలమ్మా? ఊరంత తిని పోయిన్రు గని, గిప్పుడు సాక్ష్యానికి ఒక్కరు రారు" అంది. ఆ కాగితం ఎందుకు లేదని వెతుక్కుంటూ పోతే, చివరికి తేలింది ఐక్యరాజ్యసమితి దస్త్రాల దగ్గర.

స్త్రీలపై అన్ని రకాల వివక్షను నిర్మూలించాలనే అంతర్జాతీయ ఒడంబడిక, మనం 'సీడా' అని పిలుచుకునేది, దాని మీద భారత ప్రభుత్వం 1980 జూలైలో సంతకం చేసి 1993 జూలైలో ధృవీకరించింది. ధృవీకరిస్తూ కొన్ని ప్రకటనలు జత చేసింది. వివాహం, కుటుంబ సంబంధాల్లో సమానత్వం అనే విషయంలో, ఏ మత సమూహమైనా తానే చొరవ చూపి సమ్మతిస్తే తప్ప దాని అంతరంగిక వ్యవహారాల్లో జోక్యం చేసుకోమన్నది మొదటిది. వివాహాల నమోదును సూత్రంగా ఒప్పుకుంటాం గానీ, ఇన్ని ఆచారాలు, మతాలు, అక్షరాస్యతలో ఇన్ని తేడాలు ఉన్న విశాల దేశంలో తప్పనిసరి చేయడం ఆచరణసాధ్యం కాదన్నది రెండవది.

సమూహం సమ్మతి అంటే ఎవరి సమ్మతి? ఆ సమూహంలో సగం మంది స్త్రీలే కదా, వాళ్ళని ఎవరడిగారు? ఇక ఆచరణసాధ్యం కాదన్న పనినే 2002లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చట్టంగా చేసింది. అన్ని మతాల వివాహాలనూ నమోదు చేయాల్సిందేనని 2006లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అమలు ఎంత బాగుందన్నది వేరే చర్చ. కానీ ప్రపంచం ముందు మన పేరుతో చేసిన ఆ ప్రకటన మాత్రం నేటికీ చెక్కుచెదరలేదు.

ఇది ఒక్క సీడా సమస్య కాదు. విదేశాలతో ఒప్పందాలు చేసుకునే అధికారం మన దేశంలో ఎవరి చేతిలో ఉందన్నది అసలు ప్రశ్న. రాజ్యాంగం ఏడవ షెడ్యూలు కేంద్ర జాబితాలో 14వ అంశం ఒప్పందాలు చేసుకోవడం, అమలు చేయడం. అంటే వాటిని క్రమబద్ధం చేస్తూ చట్టం చేసే అధికారం పార్లమెంటుకు ఉంది. పార్లమెంటు ఇప్పటిదాకా ఆ చట్టం చేయలేదు. ఆ ఖాళీలో 73వ అధికరణం ఆధారంగా కేంద్ర మంత్రివర్గమే సంతకం చేస్తుంది, ధృవీకరిస్తుంది, మినహాయింపులూ రాస్తుంది. ఎన్నికైన సభ ఆమోదం అక్కర్లేదు.

హద్దులు అసలు లేవని కాదు. దేశ భూభాగాన్ని వదులుకోవాలంటే రాజ్యాంగ సవరణ తప్పదని 1960లో బేరుబారి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. పౌరుల హక్కులను తగ్గించే, ఉన్న చట్టాన్ని మార్చే ఒప్పందమైతే శాసనం కావాలని 1969లో కచ్ కేసులో చెప్పింది. బాగానే ఉంది. కానీ ఈ హద్దులన్నీ సంతకం తర్వాత వచ్చేవే. అప్పటికి మాట ఇచ్చేశారు. ఇక పార్లమెంటుకు మిగిలేది తల ఊపడమే.

డంకెల్ ప్రతిపాదనల మీద ఊరూరా సభలు పెట్టిన రోజులు మనకు గుర్తే. 1994 ఏప్రిల్‌లో మరాకేష్‌లో ప్రభుత్వం సంతకం పెట్టింది. వ్యవసాయం రాష్ట్ర జాబితాలోని అంశం. అయినా కలుపు తీసే, నాట్లు వేసే స్త్రీల కూలి మీద ప్రభావం చూపే ఒప్పందానికి ఏ రాష్ట్ర శాసనసభ సమ్మతీ అవసరం లేకపోయింది. పైగా 253వ అధికరణం కింద, ఒప్పందం అమలు పేరుతో రాష్ట్రాల అంశాల మీద కూడా పార్లమెంటు చట్టం చేయవచ్చు. మందుల పేటెంట్ల కోసం 1994 డిసెంబరు 31న ఆర్డినెన్స్ తెచ్చారు. పార్లమెంటు దాన్ని చట్టం చేయకపోవడంతో అది మురిగిపోయింది. అప్పుడు మన ప్రభుత్వం ఏం చేసింది? బహిరంగంగా ప్రకటించని ఆదేశాలతో దరఖాస్తులు తీసుకుంది. అమెరికా ఫిర్యాదు చేస్తే, ఆ ఆదేశాలు చాలునని జెనీవాలో వాదించింది. పార్లమెంటు చేసిన పేటెంట్ల చట్టం ముందు అలాంటి ఆదేశాలు నిలుస్తాయని నమ్మలేమని 1997లో ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీలు విభాగం అంది. మన పార్లమెంటు చట్టానికున్న విలువను మన ప్రభుత్వానికి పరాయి వేదిక గుర్తు చేయాల్సి వచ్చింది!

అదే ఒప్పందం 2005లో పార్లమెంటు చర్చలోకి వచ్చినప్పుడు ఏమైంది? 2004 డిసెంబరు ఆర్డినెన్స్‌లో లేని గట్టి షరతు సెక్షన్ 3(డి)లో చేరింది. పాత మందుకే చిన్న మార్పు చేసి, గుణం పెరగకుండా కొత్త పేటెంట్ అడగకూడదన్నది ఆ షరతు. దాని ఆధారంగానే 2013లో రక్త క్యాన్సర్ మందు మీద నోవార్టిస్ పేటెంటు కోరికను సుప్రీంకోర్టు తిరస్కరించింది. ఇంట్లో మందులకు డబ్బు చాలకపోతే ముందు ఎవరి మందు ఆగిపోతుందో మనకు చెప్పక్కర్లేదు. చర్చ విలువ అక్కడ ఉంది.

మన మిత్రుల్లోనే కొందరు ఒక అభ్యంతరం చెబుతారు. అమెరికాలో ఒప్పందాలకు సెనేట్‌లో మూడింట రెండు వంతుల సమ్మతి కావాలి. కార్టర్ ప్రభుత్వం కూడా 1980 జూలైలోనే సీడా మీద సంతకం చేసింది. సెనేట్ ఇప్పటికీ ఆమోదించలేదు. పురుషులతో నిండిన సభల చేతికిస్తే మనకూ అదే గతి పట్టదా అని.

ఈ భయాన్ని నేను తేలిగ్గా తీసుకోను. మంత్రివర్గం ధృవీకరించింది కాబట్టే 1997లో విశాఖ తీర్పు సీడాను ఆధారం చేసుకోగలిగిందన్నదీ నిజమే. కానీ లెక్క పూర్తిగా చూద్దాం. సంతకానికీ ధృవీకరణకూ మధ్య 13 ఏళ్ళు. విశాఖ తీర్పుకూ పనిచేసే చోట లైంగిక వేధింపుల చట్టానికీ మధ్య 16 ఏళ్ళు. మంత్రివర్గం దయ మీద వచ్చిన హక్కు మంత్రివర్గం పెట్టిన మెలికతోనే వచ్చింది. తండ్రి మంచివాడైతే చాలు, ఇంట్లో మనకు మాట ఎందుకన్న వాదనకూ దీనికీ తేడా ఏమిటి? ఆ వాదనను ఇంట్లో ఒప్పుకోని మనం రాజ్యం దగ్గర ఎలా ఒప్పుకుంటాం?

సెనేట్ లాంటి వీటో నేను అడగడం లేదు. ధృవీకరించే ముందు ఒప్పందం పాఠం, మినహాయింపులు, వాటికి కారణాలు ఉభయ సభల ముందూ, మన భాషల్లో ప్రజల ముందూ పెట్టాలి. సాధారణ మెజారిటీతో ఆమోదం పొందాలి. రాష్ట్ర అంశమైతే రాష్ట్రాలను ముందే సంప్రదించాలి. ఈ సంప్రదింపు మాట జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ 2002లోనే చెప్పింది. ఒప్పందాల మీద చట్టం కావాలని 2010లో పూంఛీ కమిషన్ అంది. రెండూ అటక మీదే ఉన్నాయి.

సీడా ప్రకటనలను వెనక్కి తీసుకోవడానికి మాత్రం ఏ చట్టమూ అక్కర్లేదు. ఐక్యరాజ్యసమితికి ఒక ఉత్తరం చాలు. ఒంటరిగా సంతకం పెట్టగలిగిన చేతికి ఆ ఉత్తరం రాయడం ఎందుకు బరువవుతోంది? ఓటడగడానికి వచ్చే ప్రతి పార్టీనీ మనం ఈ ప్రశ్న అడగాలి.