రాసేవాళ్ల ప్రణాళిక

మేము తెలుగులో కథలు, కవితలు రాసేవాళ్లం. ఈమధ్య రాతప్రతి పంపితే, ప్రచురణకర్తలు మొదటి పేజీ తిప్పకముందే ‘ఫాలోవర్లు ఎంతమంది?’ అని అడుగుతున్నారు. పుస్తక ప్రదర్శనలో స్టాల్ ముందు నిలబడి, అట్ట మొహం పక్కన కనబడేలా పట్టుకుని, నవ్వు కుదిరేదాకా రీలు తీయించుకుంటున్నాం. సాయంత్రమంతా లైకులు, షేర్లు చూసుకోవడంతోనే సరిపోతోంది. మొదలుపెట్టిన కథ మాత్రం అలాగే ఉండిపోతోంది.

2016లో ఇన్‌స్టాగ్రామ్, పోస్టులను వచ్చిన వరుసలో చూపే పద్ధతి మానేసి, ఎవరికి ఏది నచ్చుతుందో తానే లెక్కగట్టి చూపిస్తానంది. ఆ లెక్కలో వెనకబడిపోతామన్న భయమే మా చేత రోజూ ఏదో ఒకటి పెట్టిస్తోంది.

ప్రతి మనిషీ ఒక బ్రాండేనని అమెరికాలో మేనేజ్‌మెంట్ రచయిత టామ్ పీటర్స్ 1997లో ఒక పత్రికా వ్యాసంలో రాశారు. అదే ఏడాది శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు మాస్టారు, పురస్కారాలుగా వచ్చిన సొమ్ము వెచ్చించి కథానిలయం అనే తెలుగు కథల గ్రంథాలయం తెరిచారు. తెలుగులో కథ రాసిన ప్రతివాళ్లకూ అక్కడ చోటిచ్చారు. మాది మాస్టారి దారి.

పత్రికల్లో చోటు దొరకని ఎందరికో కవిసంగమం వంటి ఫేస్‌బుక్ వేదికలు పాఠకులను ఇచ్చాయి. ఆ మేలు మరవం. రాసిన మనిషే సరుకు కావాలంటే మాత్రం ఒప్పుకోం.

అందుకే మా తీర్మానాలు:

1. రాతప్రతిని చదివి తీసుకోండి, లేదా చదివి తిప్పి పంపండి. ఫాలోవర్ల సంఖ్య అడిగితే చెప్పం.

2. ప్రచార భారమంతా రచయిత నెత్తిన వేసే ఒప్పందం మీద సంతకం చేయం.

3. మా పుస్తకం వచ్చిందని ఒకసారి చెబుతాం. ఆపైన సాటివాళ్ల పుస్తకాలు చదివి, నచ్చినదీ నచ్చనిదీ రాస్తాం. చదవకుండా అభినందనలు పెట్టం.

4. ఇంట్లో చావునూ, పిల్లల జబ్బునూ పుస్తకం అమ్ముకునే పోస్టులుగా మార్చం.

5. ఫోటో పెట్టనివాళ్లను, కలంపేరుతోనే ఉండదలచినవాళ్లను సభలకూ సంకలనాలకూ దూరం చేయం. మొహం చూపిస్తే వేధింపులు ఎదుర్కొనే స్త్రీల పక్కన నిలబడతాం.

6. లైకుల సంఖ్య దాచుకునే వీలు ఇన్‌స్టాగ్రామ్ 2021లో అందరికీ ఇచ్చింది. మేమంతా దాన్ని వాడతాం.

7. నెలకోసారి ఏదో ఒక ఊరి గ్రంథాలయంలో కూర్చుని, కొత్త రచయిత కథ ఒకటి పైకి చదివించుకుని మాట్లాడుకుంటాం.

ఈ తీర్మానాలు మీవి కూడా అనిపించిన రచయితలు, పాఠకులు, ప్రచురణకర్తలు మాతో చేతులు కలపండి. పుస్తకాన్ని పదిమందికి చేర్చే పని అందరం పంచుకుంటే, రాసేవాళ్లకు రాసుకునే తీరిక మిగులుతుంది.