తాళం చెవి ఎవరి చేతిలో?

హబ్సిగూడలో ఒక యువకుడు పాతకాలపు స్పోర్ట్స్‌ కారు కొనాలనుకున్నాడనుకుందాం. చేతిలో కొంత డబ్బుంది, మిగతాది అప్పు దొరుకుతుంది. ‘ఇలాంటి కార్ల ధర ఏటేటా పెరుగుతుంది. ఇది ఖర్చు కాదు, పెట్టుబడి’ అంటున్నారు స్నేహితులు. కొనాలా, వద్దా?

పునాది వేసి, గోపురం ముగించలేక నవ్వులపాలైన వాడి గురించి యేసుప్రభువు చెప్పాడు (లూకా 14:28-30). కాబట్టి ముందు లెక్క చూద్దాం.

అందమైన యంత్రాన్ని చూసి ఆనందించడం పాపం కాదు. ఇనుముకు అంత సొగసునిచ్చే పనితనమూ దేవుడిచ్చిన వరమే. ధరలు పెరిగిన మాటా నిజమే. 1962-64 మధ్య 36 మాత్రమే తయారైన ఫెరారీ 250 జీటీవో కార్లలో ఒకటి 2018లో అమెరికాలో 4 కోట్ల 84 లక్షల డాలర్లకు వేలంలో అమ్ముడుపోయింది. కానీ పాతబడిన ప్రతి కారూ అంత అరుదైనది కాదు. పైగా లాభం అమ్మితేనే. ఉంచుకున్నన్నాళ్లూ ఖర్చే!

నడపకపోతే బ్యాటరీ దిగిపోతుంది, ట్యాంకులో పెట్రోలు చెడిపోతుంది. నేటి పెట్రోలులో కలిసే ఇథనాల్‌ పాత రబ్బరు గొట్టాలను దెబ్బతీస్తుంది. విడిభాగాలు విదేశాల నుంచి రావాలి, వాటిపై కస్టమ్స్‌ సుంకం కట్టాలి. నడుపుదామంటే ఉప్పల్‌ రోడ్డులో సిటీ బస్సు వెనక పాకాల్సిందే. యాభై ఏళ్లు దాటిన కారును 2021 నాటి కేంద్ర నిబంధనల కింద ‘వింటేజ్‌’గా రిజిస్టర్‌ చేయిస్తే, రోజూ తిప్పడానికి వీల్లేదు. ప్రదర్శనలకో, ర్యాలీలకో బయటికి తీయాలి.

బిల్లులో కనబడని ఖర్చు మరొకటుంది. ఆదివారం ఉదయం కారు తుడవడానికే సరిపోతుంది. గీత పడుతుందని పిల్లల్ని దగ్గరికి రానివ్వం. పొరుగింట్లో అర్ధరాత్రి పురిటి నొప్పులొస్తే ఆ కారు బయటికి తీస్తామా?

మన నగరంలోనే ఒక పాఠముంది. ఆరో నిజాం మహబూబ్‌ అలీఖాన్‌ 1911లో రోల్స్‌ రాయిస్‌ కారుకు ఆర్డరిచ్చాడు. పసుపుపచ్చ రంగు, లోపల సింహాసనం లాంటి ఆసనం! కారు రాకముందే, అదే ఏడాది ఆగస్టులో ఆయన కన్నుమూశాడు. చేయించుకున్న రాజు ఆ ఆసనంలో ఒక్కసారీ కూర్చోలేదు. కొట్లు విప్పి పెద్దవి కట్టించాలనుకున్న రాత్రే ప్రాణం విడిచిన ధనవంతుడు (లూకా 12:16-21) గుర్తుకు రావడం లేదూ?

అప్పు చేసి, ధర పెరుగుతుందన్న ఆశతో కొనేవాడికి జవాబు ‘వద్దు’ అనే. ఇంటి బాధ్యతలు తీరాక, దేవునికీ పొరుగువానికీ ఇవ్వాల్సింది ఇచ్చాక మిగిలిన డబ్బుతో కొని, రేపు ఆ కారు పోయినా ప్రశాంతంగా నిద్రపోగలిగినవాడు కొనుక్కోవచ్చు. అతను యజమానిగా కాక, గృహనిర్వాహకుడిగా దాన్ని కాపాడతాడు. కారు తాళం మన జేబులో ఉన్నంతకాలం అది కారే. మన హృదయం తాళం దాని చేతికి వెళ్లిననాడు అది విగ్రహం!