శకుని పాచికలు

అన్నం ఉడికిందో లేదో తెలియాలంటే ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. కుండలోని మెతుకులన్నీ నొక్కి చూసే ఇల్లాలు ఎక్కడా ఉండదు. అయితే ఒక షరతు. ప్రతిసారీ పైనున్న మెతుకే పట్టుకుంటే అడుగు మాడినా తెలియదు. గరిటె పెట్టి కలిపి, ఎక్కడ పడితే అక్కడి నుంచి తియ్యాలి. భౌతికశాస్త్రంలోని అతి కష్టమైన లెక్కల్లో ఒకటి ఈ వంటింటి కిటుకు మీదే నడుస్తోంది. ‘ఎక్కడ పడితే అక్కడ’ అన్న ఆ మాట మీదే మీ సెల్‌ఫోనుకీ బ్యాంకుకీ మధ్య పడే తాళం కూడా ఆధారపడి ఉంది.

ముందు లెక్క సంగతి చూద్దాం. ప్రోటాన్‌లో మూడు క్వార్కులు ఉంటాయని పిల్లల పాఠాల్లో ఉంటుంది. చిత్రమేమిటంటే, ఆ మూడింటి బరువూ కలిపినా ప్రోటాన్ బరువులో సుమారు నూటికి ఒక వంతే. మిగతా 99 వంతులు ఎక్కడివి? క్వార్కుల్ని విడిపోకుండా పట్టి ఉంచే బలం ఒకటుంది. దానికీ, లోపల క్వార్కుల పరుగులకీ సంబంధించిన శక్తే మనకు బరువుగా తెలుస్తుంది. తూకం యంత్రం ఎక్కితే ముల్లు చూపించేదాంట్లో చాలా భాగం ఇదే!

ఈ బలానికి సమీకరణాలు 1970లలోనే దొరికాయి. కానీ వాటిని కాగితం మీద సాధించి ప్రోటాన్ బరువు రాబట్టడం ఎవరి తరమూ కాలేదు. 1974లో కెన్నెత్ విల్సన్ అనే అమెరికా శాస్త్రవేత్త ఒక ఉపాయం చెప్పారు. సంక్రాంతి ముగ్గుకి చుక్కలు పెట్టినట్టు స్థలమంతా చుక్కలు పెట్టుకోమన్నారు. మన ముగ్గు నేల మీద రెండు వైపులకే పోతుంది. ఈ ముగ్గు పొడవు, వెడల్పు, ఎత్తుతోపాటు కాలంలోకి కూడా పోతుంది. దీనికే ‘లాటిస్ గేజ్ థియరీ’ అని పేరు. ఒక్కో వైపు 32 చుక్కలే పెట్టినా మొత్తం 10,48,576 చుక్కలవుతాయి. వాటిని కలిపే గీతలు 41,94,304. ప్రతి గీత మీదా తొమ్మిది సంఖ్యలతో ఒక పట్టిక. ఇవన్నీ ఎన్ని రకాలుగా అమరగలవో అన్ని రకాలకూ సగటు కట్టాలి. బ్రహ్మకు కూడా ఆయుష్షు చాలదు.

అందుకే మెతుకు పట్టడం. కంప్యూటర్ పాచికలు వేసి కొన్ని వందలో వేలో అమరికల్ని ఎంచుతుంది, వాటికే సగటు కడతారు. జూదశాలలకు పేరుపడ్డ ఊరి పేరుతో దీన్ని ‘మాంటీ కార్లో’ పద్ధతి అంటారు. 1980 నాటికే అమెరికాలోని బ్రూక్‌హావెన్ ప్రయోగశాలలో మైకేల్ క్రాయిట్జ్ ఈ బలానికి చిన్న నమూనాల మీద లెక్కలు చేసి చూపించారు. 2008లో యూరప్ శాస్త్రవేత్తల బృందం ఒకటి ప్రోటాన్ బరువును ఇలాగే కట్టింది. ప్రయోగాల్లో తేలిన బరువుకూ దానికీ తేడా కొద్ది శాతమే. ముంబయిలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లోనూ ఈ లెక్కల కోసం సూపర్ కంప్యూటర్లు పెట్టారు.

ఇక్కడే అసలు చిక్కు. కంప్యూటర్ చెప్పిన పని చెప్పినట్టు చేసే యంత్రం. దాని చేత పాచికలు వేయించడం ఎలా? నిజానికి అది వెయ్యదు, వేసినట్టు నటిస్తుంది. మొదట దానికొక సంఖ్య ఇస్తారు. దాన్ని ‘విత్తనం’ అంటారు. ఒక సూత్రం దాన్ని మెలితిప్పి మరో సంఖ్య పుట్టిస్తుంది, దాంట్లోంచి ఇంకోటి... చూసేవారికి వరసా వావీ కనిపించదు. కానీ అదే విత్తనం మళ్లీ నాటితే అవే సంఖ్యలు అదే వరసలో మొలుస్తాయి. భౌతిక శాస్త్రవేత్తకు ఇది వరమే. నిన్నటి లెక్కలో తప్పు దొర్లిందనుకుంటే, అదే విత్తనంతో మళ్లీ నడిపి వెతుక్కోవచ్చు.

మరి ఆ పాచికలు శకునివైతే? శకుని పాచికలతో వచ్చే తంటా ఏమిటంటే, అవి చూడ్డానికి అచ్చం మామూలు పాచికల్లాగే ఉంటాయి.

1992లో అదే జరిగింది. ఫెరెన్‌బర్గ్, లాండౌ, వాంగ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు చిన్న చిన్న అయస్కాంతాల ముగ్గు ఒకటి తీసుకున్నారు. దానికి కచ్చితమైన జవాబును లార్స్ ఆన్‌సాగర్ 1944లోనే కనిపెట్టేశారు. అప్పట్లో మంచి పేరున్న, పరీక్షలన్నీ నెగ్గిన పాచికల సూత్రంతో కంప్యూటర్ లెక్క నడిపారు. జవాబు తప్పొచ్చింది! నాసిరకమని పక్కన పెట్టిన పాత సూత్రమే దానికన్నా నయమని తేలింది. జవాబు ముందే తెలుసు కాబట్టి దొంగ దొరికాడు. జవాబు తెలియని లెక్కల్లో అయితే ఎవరు పట్టుకుంటారు?

ఈ భయంతోనే జర్మనీలో మార్టిన్ లూషర్ 1994లో ప్రత్యేకంగా లాటిస్ లెక్కల కోసం కొత్త పాచికలు తయారుచేశారు. పేరు ‘ర్యాన్‌లక్స్’. అందులో అన్నిటికన్నా ఖరీదైన స్థాయిలో కంప్యూటర్ 389 సంఖ్యలు పుట్టించి 24 మాత్రమే వాడుతుంది. మిగతా 365 చెత్తబుట్టలోకే. పిసినారులకు మింగుడుపడని పద్ధతే గానీ, సంఖ్యకూ సంఖ్యకూ ఉండే చుట్టరికం ఇలా తెగిపోతుందని ఆయన కారణాలతో చూపించారు.

ఇంత మంచి పాచికల్ని బ్యాంకు తాళానికి వాడొచ్చు కదా? కూడదు. ఇందులో వరసగా వచ్చే ఆ 24 సంఖ్యలూ ఎవరి కంటనైనా పడితే, చెత్తబుట్టలోకి పోయినవాటితో సహా తరవాతి సంఖ్యలన్నీ వాళ్లు లెక్కకట్టి చెప్పేయగలరు. ప్రోటాన్ మన పాచికల్ని ఊహించి మోసం చెయ్యదు. దొంగ చేస్తాడు. మీ ఫోనూ బ్యాంకు కంప్యూటరూ మాట్లాడుకునే ముందు ఆ కాసేపటికి ఒక రహస్య సంఖ్య తయారు చేసుకుంటాయి. దాన్ని ఊహించగలిగితే తాళం పగలగొట్టే పనే లేదు.

1995లో నెట్‌స్కేప్ బ్రౌజర్ విషయంలో ఇదే బయటపడింది. అమెరికాలోని బర్క్‌లీలో చదువుకుంటున్న ఇయాన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్ దాని విత్తనమేమిటో తవ్వి చూశారు. గడియారంలో టైమూ, కంప్యూటర్ తన పనులకు ఇచ్చుకునే రెండు వరస నంబర్లూ... అంతే! టైము ఎవరికి తెలియదు?

ఇంతకన్నా విచిత్రం డెబియన్ కథ. సర్వర్లలో విరివిగా వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ అది. తప్పులు వెతికే పరికరం ఒకటి తాళాల తయారీ ప్రోగ్రాంలో అనుమానం చూపిస్తే, 2006లో ఆ వాక్యాలు తీసేశారు. పరికరం శాంతించింది. కానీ పాచికల్ని కలిపే గరిటే ఆ వాక్యాల్లో ఉంది! అప్పటినుంచి కోటానుకోట్ల తాళాల్లో ఒకటి రావాల్సిన చోట ఒక్కో రకానికి 32,768 తాళాలే మిగిలాయి. వాటన్నిటినీ ముందే చేసి గుత్తిలో వేసుకోవచ్చు. 2008 మేలో లూసియానో బెల్లో బయటపెట్టేదాకా, దాదాపు రెండేళ్లు ఎవరికీ తెలియలేదు. ఎలా తెలుస్తుంది? ప్రతి తాళమూ చక్కగా పడుతోంది, చక్కగా తెరుచుకుంటోంది.

2012లో నాడియా హెనింగర్ బృందం ఇంటర్నెట్ మొత్తం గాలించింది. వెయ్యికి అయిదు సర్వర్ల రహస్య తాళాలు వాళ్ల చేతికి వచ్చేశాయి. చాలా వరకు రౌటర్ల వంటి చిన్న పరికరాలే. అప్పుడే పెట్టెలోంచి తీసి ఆన్ చేసిన పరికరానికి కీబోర్డు లేదు, మౌస్ లేదు, కలపడానికి ఏమీ లేదు. కవలల్లా అన్నీ ఒకే విత్తనంతో మొదలై ఒకేలాంటి సంఖ్యలు పుట్టించుకున్నాయి. దాంతో రౌటర్లలో విరివిగా వాడే లినక్స్‌ను ఆ ఏడాదే సరిదిద్దారు.

మంచి విత్తనం కోసం ఇప్పుడు సూత్రాన్ని వదిలి ప్రకృతినే అడుగుతున్నారు. ప్రాసెసర్ లోపల విద్యుత్తు చేసే సన్నటి రొదను పోగుచేస్తారు. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ ఆఫీసు గోడకు సుమారు వంద లావా దీపాలు పెట్టింది. రంగు మైనం ముద్దలు వేడికి పైకి తేలి, చల్లారి కిందికి దిగే గాజు దీపాలవి. ఏ ముద్ద ఎప్పుడు ఎటు తిరుగుతుందో ఎవరూ చెప్పలేరు. కెమెరా వాటిని ఫొటోలు తీస్తూనే ఉంటుంది, ఆ ఫొటోల్లోంచి విత్తనాలు పుడతాయి. చూడ్డానికి వచ్చినవాళ్లు కెమెరాకు అడ్డం నిలబడితే పక్కకు జరగమని ఎవరూ అనరు. వాళ్ల కదలికలు కూడా కలుస్తాయి కదా!