భుజం జారితే... లెక్క ఎవరిది?

మన సాఫ్ట్‌వేర్ వాళ్లకి యావరేజ్ అంటే భలే నమ్మకం. యావరేజ్ రెస్పాన్స్ టైం బాగుంటే సిస్టమ్ మొత్తం బాగున్నట్టే! ఏదో ఒక గ్రూపు యూజర్లు మాత్రం ఏడుస్తూనే ఉంటారు. వైద్యంలోనూ ఇదే తంతు అనిపిస్తుంది నాకు. భుజం కీలు జారడమే తీసుకోండి.

అమెరికాలో 2002-2006 మధ్య ఎమర్జెన్సీకి వచ్చిన కేసుల లెక్కలో దాదాపు 72 శాతం మగవాళ్లే. 15-35 ఏళ్ల 252 మందిని గమనించి ఎడిన్‌బరో వాళ్లు 2006లో వేసిన పేపర్ ప్రకారం, ఒకసారి జారాక రెండేళ్లలోపే సగం మందికి పైగా భుజం మళ్లీ పట్టు తప్పింది. ఆ ముప్పు ఎక్కువ కుర్రాళ్లకే.

"అయితే ఆడవాళ్లకి బాధ తక్కువేగా?" అంటారా? అక్కడే ఉంది తిరకాసు.

ఆడవాళ్లలో కీళ్లు సహజంగానే వదులుగా ఉండటం ఎక్కువ. దెబ్బ తగలకుండానే అన్ని వైపులా జారే భుజానికి మొదటి వైద్యం ఆపరేషన్ కాదు, నెలల తరబడి వ్యాయామం. ఇక ఆపరేషన్ ఫలితాల్లో ఆడా మగా తేడా గురించి అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పవు. చాలావాటిలో ఆడవాళ్లే తక్కువ మరి! 2007లో వచ్చిన 10 పాయింట్ల స్కోరొకటి ఉంది. అందులో 3 పాయింట్లు ఆటలకే. అది తప్పని కాదు, కీలు మళ్లీ జారుతుందా అన్నదే దాని లెక్క. పని చేసుకోగలదా అన్నది వేరే ప్రశ్న.

మా నల్లగొండ, పాలమూరు దిక్కు పత్తి ఏరే ఆమెకి "మళ్లీ ఆటలోకి దిగారా?" అనే కొలత ఎందుకు? బిందె ఎత్తగలదా, జడ వేసుకోగలదా అని కదా అడగాలి! 2007లో ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఒకటి. పేదవాడి ఆపరేషన్ ఖర్చు గురించి ప్రభుత్వం ఆలోచించింది, సంతోషం. కానీ కోత మానడంతో పని అయిపోదు. కొన్ని వారాలు చెయ్యి పట్టీలో ఉండాలి, ఆ తర్వాత నెలల కొద్దీ ఫిజియోథెరపీ. మగాడైతే మంచం మీదికే అన్నం వస్తుంది. ఆడమనిషైతే పదోరోజుకే పొయ్యి ముందుంటుంది. చివరికి "ఆపరేషన్ ఫెయిలైంది" అనేస్తాం.

అమ్మనో, అక్కనో డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఈ మూడూ అడగండి: కీళ్లు వదులుగా ఉన్నాయేమో చూశారా? ఆపరేషన్ లేకుండా వ్యాయామంతో కుదురుతుందా? ఆమె చేసే పనికి ఎన్నాళ్లు ఆగాలి?

నాలుగో ప్రశ్న మాత్రం ఇంట్లో వాళ్లకే... అన్నాళ్లూ బిందె ఎవరు మోస్తారు?

మీరేమంటారు?