పక్క క్లబ్బులో ఎంతట?



మన ఇళ్లలో గోల్ఫ్ చూసేవాళ్లు తక్కువే. అయినా ప్రోగ్రెస్ రిపోర్టులు చేతికొచ్చే ఈ నెలలో, ఆ ఆటలో వాడే ఒక చిన్న పరికరం గురించి మీకు చెప్పాలనిపించింది.

గోల్ఫ్‌లో చివరగా బంతిని గుంతలోకి నెట్టే పచ్చిక చోటును గ్రీన్ అంటారు. అక్కడి గడ్డిని మూడు నాలుగు మిల్లీమీటర్లకు కత్తిరిస్తారు. 1935లో అమెరికాలోని ఓక్‌మాంట్‌లో యూఎస్ ఓపెన్ జరుగుతుండగా, జీన్ సారజెన్ అంతటి ఆటగాడు గ్రీన్ మీద కొట్టిన బంతి దొర్లుకుంటూ వెళ్లి ఇసుక గుంతలో పడింది. చూస్తున్న ఎడ్వర్డ్ స్టింప్సన్‌కు ఈ గ్రీన్ల వేగం మరీ ఎక్కువనిపించింది. అనిపిస్తే చాలదు, చూపించాలి కదా! చెక్కతో ఒక బద్ద తయారుచేశాడు. అదే స్టింప్‌మీటర్. 1976లో యూఎస్ గోల్ఫ్ అసోసియేషన్‌లో పనిచేసే ఫ్రాంక్ థామస్ దాన్ని అల్యూమినియంతో మెరుగుపరిచాడు. 1978 నుంచి మైదానాలు చూసుకునేవాళ్ల చేతికి వచ్చింది.

మూడడుగుల బద్ద, దాని పొడవునా వి ఆకారపు గాడి, పై చివర దగ్గర ఒక నొక్కు. అంతే. నొక్కులో బంతి పెట్టి బద్దను నెమ్మదిగా ఎత్తితే, దాదాపు 20 డిగ్రీల దగ్గర బంతి తనంతట తానే జారుతుంది. చేతి బలం కలవదు. నేల మీద ఎన్ని అడుగులు దొర్లిందో అదే గ్రీన్ వేగం. ఒక్క బంతితో తేల్చరు. ఇటు నుంచి మూడు, అటు నుంచి మూడు. మూడూ ఎనిమిది అంగుళాల తేడాలోపు ఆగకపోతే ఆ కొలత చెల్లదు, మళ్లీ మొదలు.

నేల వాలుగా ఉంటే? ఎత్తుకు 6 అడుగులు, పల్లానికి 12 అడుగులు దొర్లిందనుకోండి. సగటు 9 అనేస్తాం. కానీ అది ఎక్కువ చూపిస్తుంది. రెండింటి లబ్ధాన్ని రెట్టింపు చేసి, రెండింటి మొత్తంతో భాగించాలి. 144ను 18తో భాగిస్తే 8. ఇంట్లో పిల్లలతో చేయించి చూడండి, సరదాగా ఉంటుంది.

ఇంత జాగ్రత్తగా కొలిచేది ఎందుకు? ఒకే మైదానంలోని గ్రీన్లన్నీ ఒకేలా ఉన్నాయా, నిన్నటికీ ఇవాళ్టికీ తేడా వచ్చిందా అని తెలుసుకోవడానికి. రెండు మైదానాలను పోల్చడానికి కాదని ఆ అసోసియేషనే చెబుతుంది. కానీ జరిగింది వేరు. 1970ల చివర్లో అమెరికా గ్రీన్ల సగటు ఆరున్నర అడుగులు. ఇప్పుడు పెద్ద టోర్నమెంట్లలో 12 దాటడం మామూలే. ‘పక్క క్లబ్బులో 12 అట, మన దగ్గర 10 ఏమిటి?’ అని సభ్యులు అడుగుతారు. గడ్డిని ఇంకాస్త కిందికి కోస్తారు. ఆకు తగ్గితే గడ్డి తయారుచేసుకునే ఆహారం తగ్గుతుంది, వేర్లు లోతుకు దిగవు, ఎండ ముదిరితే తట్టుకోలేదు. అంకె మాత్రం బాగుంటుంది. గాలి విసిరే సముద్రతీర మైదానాల్లో ఇంకో చిక్కు. 2015లో స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్‌లో గ్రీన్ మీద పెట్టిన బంతులు గాలికే కదిలిపోవడంతో ఓపెన్ ఆట పది గంటలకు పైగా ఆగిపోయింది. ఒకచోట మంచి అంకె మరోచోట ఆటనే ఆపేయగలదు.

‘పక్క సెక్షన్‌లో టాప్ ఎంతట?’ అన్న మెసేజ్ మన వాట్సాప్ గ్రూపుల్లో పరీక్ష అయిన సాయంత్రమే వస్తుంది. పోలికను పెంచేది స్కూళ్లు వేసే ర్యాంకుల జాబితాలే అని మీరంటే కాదనలేను. అలాగని మార్కులే వద్దనేవాళ్లతో నాకు పొత్తు కుదరదు. కొలవకుండా గణితం చెప్పలేం. మీ అబ్బాయి మార్కును మీ అబ్బాయి పాత మార్కుల పక్కన పెట్టండి, అదీ ఒక్క పరీక్ష కాదు, కనీసం మూడు. పక్కింటి అమ్మాయి మార్కు పక్కన మాత్రం వద్దు. 62 వచ్చిందంటే ఆ పోయిన 38 ఎక్కడ పోయాయో చూడాలి. లెక్క తెలియక పోయాయా, తెలిసీ టైమ్ చాలకనా, ప్రశ్న సరిగా చదవకనా? ఈ మూడింటికీ మందులు వేరు. అన్నింటికీ కలిపి ఇంకో ట్యూషన్ పెట్టడమంటే గడ్డిని ఇంకాస్త కిందికి కోయడమే.

ఈసారి పీటీఎంకు వచ్చినప్పుడు ర్యాంకు కన్నా ముందు జవాబు పత్రాలు అడగండి. మా దగ్గరే ఉంటాయి, కూర్చోబెట్టి చూపిస్తాం. పిల్లల్నీ వెంట తీసుకురండి.