ఆటగాడు పోవచ్చును, జట్టు పోరాదు

హైదరాబాదు ఫుట్బాలు జట్టు 2025వ సంవత్సరమున ఢిల్లీకి తరలింపబడినది. హైదరాబాదు ఎఫ్.సి. యను పేరు చెరిపివైచి, స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ యను పేరు వ్రాసికొన్నారు. 2022వ సంవత్సరమున ఇండియన్ సూపర్ లీగు కప్పును గెలిచిన జట్టు, నాలుగేండ్లు నిండకమునుపే, గిడ్డంగిలోని సరకువలె ఒక నగరమునుండి మరియొక నగరమునకు చేరవేయబడినది. ఇది వ్యాపారము; పెట్టుబడి పెట్టినవాడు తన సొత్తును తనకిష్టమైన చోటికి తీసికొనిపోవును; ఇందు దుఃఖింపవలసిన దేమున్నదని కొందరు పెద్దలు సెలవిచ్చుచున్నారు. ఈ వాదము మాకు సమ్మతము కాదు. జట్టు సొత్తే యగుచో, అందు సగము మాత్రమే యజమానిది. తక్కిన సగము ఊరిది. ఊరి సగమును అమ్ముటకు గాని తరలించుటకు గాని యజమానికి హక్కు లేదు. ఈ సంగతిని నేడు నిర్మొగమాటముగ చెప్పదలచితిమి.

మా ఫిర్యాదు దేనినిగూర్చి కాదో ముందుగ విన్నవింతుము. ఆటగాండ్రు జట్లు మారుటనుగూర్చి కాదు. ఫుట్బాలాడువానికి దేహబలము నిలుచునది పది పండ్రెండేండ్లు. మోకాలు ఒక్కసారి దెబ్బతిన్నచో ఆ పది కూడ దక్కవు. అట్టివాడు అధిక వేతనమిచ్చు క్లబ్బునకు పోయినచో ద్రోహియని తిట్టుట అభిమానము కాదు, అవివేకము. నిన్న భుజములపై మోసినవానిని, నేడు చొక్కా మార్చెనని దుమ్మెత్తి పోయుట మన మైదానములకు పట్టిన పాత జబ్బు. హైదరాబాదు ఆటచరిత్ర నెరిగినవానికి ఈ జబ్బు పట్టరాదు.

ఏలయన, ఈ నగరము పొరుగు జట్లకు ఆటగాండ్ర నిచ్చియే పేరుపొందినది. బడిపంతులుగ జీవితమారంభించిన సయ్యద్ అబ్దుల్ రహీముగారు తీర్చిదిద్దిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగ ఐదుసార్లు రోవర్సు కప్పును గెలిచెను. 1950లోనే డ్యూరాండు కప్పును మోహన్ బగానును ఓడించి తెచ్చెను. ఆ రహీముగారి శిక్షణలోనే భారతజట్టు 1951లోను 1962లోను ఆసియా క్రీడలలో బంగారు పతకములను, 1956 మెల్బోర్ను ఒలింపిక్సులో నాలుగవ స్థానమును పొందెను. అప్పటి జాతీయ జట్లలో హైదరాబాదువారి పేర్లు ఎన్ని! ఆ వీరులలో అనేకులు కలకత్తాకు పోయిరి. సికిందరాబాదు తులసీదాసు బలరాముగారు 1957లో ఈస్టు బెంగాలులో చేరిరి. గోలు కాపరి పీటరు తంగరాజుగారు కలకత్తాలోని మూడు పెద్ద క్లబ్బులకును ఆడిరి. మహమ్మదు హబీబుగారును ఆ మూటికిని ఆడినవారే. 1977 సెప్టెంబరున ఈడెన్ గార్డెన్సులో పెలే ఆడిన న్యూయార్కు కాస్మాసు జట్టుపై మోహన్ బగాను సాధించిన రెండు గోళ్లలో ఒకటి హబీబుగారిది. ఆయన నేటి చొక్కా రేపటికి మారినను కలకత్తా ఆయనను "బడే మియా" యని తలపై పెట్టుకొనెను. హైదరాబాదు ఆయన తనవాడని గర్వించెను. ఎవ్వరికిని నష్టము కలుగలేదు. వారు పోయినను వారు పుట్టిన మైదానము ఇచ్చటనే యుండెను. వారిని తయారుచేసిన జట్టు ఇచ్చటనే యుండెను. చెట్టునుండి పండు కోసికొనిపోయిరే కాని చెట్టును పెకలించుకొనిపోలేదు.

మా ఫిర్యాదు ప్రత్యర్థులను గూర్చియు కాదు. ప్రత్యర్థి లేని జట్టు ఎదురుగాలి లేని గాలిపటము వంటిది, పైకి లేవదు. కలకత్తా ప్రత్యర్థిత్వ మెట్లు పుట్టినదో చూడుడు. 1920 జూలై 28వ తేదీన మోహన్ బగానుతో ఆడవలసిన జోరాబగాను జట్టు జాబితానుండి శైలేశ్ బసు అను ఆటగానిని తప్పించిరి. అతనిని చేర్పవలసినదని వాదించిన సురేశచంద్ర చౌధురి గారి మాట చెల్లలేదు. ఆయన వెలుపలికి వచ్చి, మిత్రులతో కలిసి, ఆగస్టు 1వ తేదీన ఈస్టు బెంగాలు క్లబ్బును స్థాపించెను. జాబితాలో ఒక్క పేరు కొట్టివేసినందులకు నూరేండ్లు దాటిన పోటీ పుట్టినది! ఆ పోటీ మితిమీరినప్పుడు ఘోరములును జరిగినవి. 1980 ఆగస్టు 16వ తేదీన ఈడెన్ గార్డెన్సులో ఆ రెండు జట్ల పందెమునాడు పదునారుగురు ప్రేక్షకులు ప్రాణములు కోల్పోయిరి. ఆ రక్తమును మరచి ప్రత్యర్థిత్వమును పొగడువాడు మూఢుడు. కాని అదే కలకత్తాలో 2024 ఆగస్టున ఒక యువ వైద్యురాలి హత్యకు న్యాయము కోరుచు, ఆ రెండు జట్ల అభిమానులును, మహమ్మదన్ స్పోర్టింగువారును సాల్టులేకు క్రీడాంగణము వెలుపల ఒక్కటై నిలిచిరి. నూరేండ్లు ఎదురెదురు నిలిచినవారికే అట్లు ప్రక్కప్రక్కన నిలుచు బలము వచ్చును. నిజమైన ప్రత్యర్థి శత్రువు కాదు, దాయాది. దాయాదికి ఇల్లుండవలెను, మనకును ఇల్లుండవలెను. అప్పుడే పోటీ.

ఇక మా ఫిర్యాదేమి? హైదరాబాదు జట్టు 2019వ సంవత్సరమున లీగులో ప్రవేశించెను. మానోలో మార్క్వెజు అను స్పానిషు శిక్షకుని చేతిలో పడి, యువకులతో చక్కని ఆట నేర్చినది. లిస్టన్ కొలాసో 2021లోను, ఆశిష్ రాయి 2022లోను కలకత్తాకు పోయిరి. మేము నొచ్చుకొన్నాము గాని తప్పుపట్టలేదు. జట్టు బలముగ నున్నప్పుడు ఒకడు పోయినచో వాని స్థానమున మరియొకడు మొలచును. అట్లే 2022 మార్చి 20వ తేదీన గోవాలోని ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్సును పెనాల్టీలలో ఓడించి కప్పు గెలిచిరి. గోలు కాపరి లక్ష్మీకాంత్ కట్టిమని మూడు పెనాల్టీల నాపిన ఆ రాత్రి మా కిప్పటికిని కన్నుల కట్టినట్లున్నది. మరుసటి యేడు లీగు పట్టికలో రెండవ స్థానము.

అటుపిమ్మట జరిగినది అమ్మకము కాదు, పలాయనము. 2023లో శిక్షకుడు గోవాకు, ఆకాశ్ మిశ్రా బొంబాయికి, హాలిచరణ్ నర్జారీ బెంగుళూరికి పోయిరి. మిగిలినవారికి వేతనములు సకాలమున అందలేదు. బకాయిల కారణమున, క్రొత్త ఆటగాండ్రను చేర్చుకొనరాదని ఫిఫా నిషేధము విధించెను. 2023-24 సంవత్సరమున ఇరువదిరెండు పందెములలో గెలిచినది ఒక్కటి! రెండేండ్లక్రితపు విజేత అడుగు మెట్టునకు జారెను. చేతులు మారిన జట్టు మరియొక యేడు గచ్చిబౌలిలో ఆడెను. తరువాత ఢిల్లీకి పోయెను. ఆటగాడు మంచి కూలి కొరకు పోవుట యొకటి. కూలి అందక పోవుట మరియొకటి. మొదటిది ఆటలోని ధర్మము. రెండవది యాజమాన్యపు దివాలా. ఈ రెంటిని ఒకే పేరుతో పిలిచి మనలను మభ్యపెట్టజూచువారిని నమ్మరాదు.

మాకు మూడు ప్రత్యుత్తరములు వచ్చుచున్నవి. మొదటిది: ఫుట్బాలులో నష్టమే కాని లాభము లేదు. నిజమే. కాని నష్టమని యెరిగియే లీగులో చేరినవారు, గెలిచిననాడు నగరము పేరును చొక్కాపై వ్రాసికొని ఊరేగి, ఓడిననాడు ఆ పేరును కత్తిరించి పారవేయుట యేమి న్యాయము? రెండవది: గచ్చిబౌలి మెట్లు నిండలేదు. ఆటగాండ్రకే జీతమందని జట్టును చూడ రమ్మనుట పిండి లేని ఇంట విందునకు పిలుచుటయే. పైగా కప్పు గెలిచిన యేడు అంటువ్యాధి భయమున లీగంతయు గోవాలోనే జరిగెను. హైదరాబాదువారు తమ విజేతలను తమ యూర చూచు భాగ్యమునకే నోచుకొనలేదు. ప్రజలు మరగుటకు కాలము పట్టును. చెట్టు నాటి మూడవనాడు పండ్లు లేవని నరుకువాడు రైతు కాడు.

మూడవది కొంత పదునైనది: మీ హైదరాబాదు జట్టు మాత్ర మెట్లు వచ్చినది? 2019లో పూనా జట్టు మూతపడిన చోటనే కదా! ఔను. పూనావారి కన్నీటిపై మన చప్పట్లు మ్రోగినవి. ఆ సంవత్సరమే ఢిల్లీ డైనమోస్ జట్టును ఒరిస్సాకు తరలించి ఒడిషా ఎఫ్.సి. యని పేరు పెట్టిరి. నాడు ఢిల్లీనుండి పెకలించిరి. నేడు హైదరాబాదునుండి పెకలించి ఢిల్లీలో నాటుచున్నారు. ఇది మా వాదమునకు ఖండనము కాదు, సాక్ష్యము. తప్పు ఒక్క యజమానిది కాదు, ఒక్క నగరమునకు జరిగినది కాదు. లీగు కట్టడిలోనే తప్పున్నది. జట్టన్నది ఊరిలో మొలచిన సంఘము కాదు, కొన్నవాడు జేబులో పెట్టుకొని తిరుగు అనుమతిపత్రము అను భావముపై కట్టిన యిల్లిది. ఆ భావమున్నంతవరకు ఏ నగరమునకును జట్టు లేదు. అద్దెకు దిగిన బిడారు మాత్రమే యున్నది.

ఇతర దేశములలో ఈ దుర్నీతి జరుగలేదా యందురేమో. జరిగెను, ప్రజలు ఊరకుండలేదు. ఇంగ్లండులో విం‌బుల్డను క్లబ్బును మిల్టన్ కీన్సు అను దూరపు పట్టణమునకు తరలించుటకు 2002లో అనుమతి నిచ్చిరి. అభిమానులు ఏడ్చి కూర్చుండలేదు. తామే ఏ.ఎఫ్.సి. విం‌బుల్డను అను క్లబ్బును స్థాపించి, ఊరి పచ్చికబయలుపై పరీక్షలు పెట్టి ఆటగాండ్రను ఏరుకొని, తొమ్మిదవ శ్రేణినుండి ఆడ మొదలిడిరి. 2011 నాటికి ఫుట్బాలు లీగున ప్రవేశించిరి. 2020లో తమ పాత పేట ప్లౌ లేనునకు మరలిరి. 2025 మే నెలలో వారు మూడవ శ్రేణికి ఎక్కిరి. తరలించుకొనిపోయిన జట్టు అప్పటికి నాలుగవ శ్రేణిలో నుండెను. జర్మనీలోనన్ననో, కొన్ని మినహాయింపులు తప్ప, క్లబ్బు ఓట్లలో సగమునకు మించి సభ్యులయొద్దనే యుండవలెనని నియమము. ధనికుడు ధనము పెట్టవచ్చును, జట్టును ఎత్తుకొనిపోలేడు. మన దేశముననే 2020లో మోహన్ బగాను పేరునకు ముందు ఏ.టి.కె. యను అక్షరములు చేర్చినప్పుడు అభిమానులు మూడేండ్లు విడువక పోరాడిరి. 2023లో ఆ అక్షరములు తొలగిపోయినవి. పేరే తమదని నిలిచినవారికి పేరు దక్కినది.

కావున మేము కోరునవి మూడు. ఒకటి: అఖిలభారత ఫుట్బాలు సమాఖ్యవారు ఏ జట్టైనను ఒక నగరము పేరుతో ఆడినచో, ఆ నగరపు సభ్యుల సమ్మతి లేక దానిని తరలింపరాదని శాసింపవలెను. పోదలచిన యజమాని తన ధనమును తీసికొనిపోవచ్చును. పేరు, లీగులోని స్థానము ఊరికి విడువవలెను. రెండు: ఆ సంవత్సరపు ఆటగాండ్ర వేతనమును ఆట మొదలుకాకముందే పూచీగ కట్టించుకొనవలెను. మూడు: ప్రతి క్లబ్బును తన జిల్లాలలో బాలబాలికలకు జట్లు నడిపితీరవలెను. నిజామాబాదు జిల్లా తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య 2024-25 సంవత్సరమున భారత మహిళల లీగును గెలిచిన ఈస్టు బెంగాలు జట్టులో ఆడినది. మన పిల్ల కలకత్తాలో గెలుచుట మనకు సంతోషమే. ఆమె వెంట మరి పదిమంది పుట్టు మైదానము మనకు లేకపోవుటయే దుఃఖము.

ఫుట్బాలు హైదరాబాదున చచ్చినదని మేమనము. 2021లో ఐ-లీగున ప్రవేశించిన శ్రీనిధి డెక్కను జట్టు 2022-23, 2023-24 సంవత్సరములలో వరుసగ రెండవ స్థానమున నిలిచినది. రహీముగారి ఊరిలో విత్తనము లేకపోలేదు; కంచె లేదు. ఆ కంచె అభిమానులే వేసికొనవలెను. చందాలు వేసికొని సభ్యుల సంఘములు కట్టుడు. క్లబ్బు లెక్కలు చూపుమని అడుగుడు. ఆటగానికి జీతమందినదా యని మొదట విచారించి, గోలు కొట్టెనా యని పిదప విచారింపుడు.

ఢిల్లీ అభిమానులతో మాకు వైరము లేదు. వారొకసారి పోగొట్టుకొన్నవారే. నేడు మా జట్టును ఆదరింపుడు. ఆ కుఱ్ఱవాండ్రు అందులకు తగినవారు. కాని చప్పట్లు కొట్టుచునే యజమానులను ఒక్క ప్రశ్న అడుగుడు: ఈ జట్టు మాదా, లేక మాయొద్ద దిగినదా? అందులకు సరియైన సమాధానము వ్రాతమూలమున వచ్చువరకు విడువకుడు. మేమును మీతోకూడ అడిగెదము.