కదిలితే కథే మారిపోతుంది

ఫోన్లో నైట్ మోడ్ పెట్టి ఫొటో తీసేటప్పుడు రెండు మూడు సెకన్లు చెయ్యి కదిలిందా, బొమ్మంతా అలికేసినట్టు వస్తుంది. మెదడులోని రసాయనాల్ని కొలిచే ఎమ్మార్ స్పెక్ట్రోస్కోపీలో అయితే సెకన్లు కాదు, నిమిషాల తరబడి తల కదలకూడదు.

మామూలు ఎమ్మారై ముఖ్యంగా ఒంట్లోని నీటిని, కొవ్వును చూస్తుంది. స్పెక్ట్రోస్కోపీ వెతికేది క్రియాటిన్, కోలిన్ లాంటివాటిని. నీటితో పోలిస్తే ఇవి వేల రెట్లు తక్కువ. గ్రాఫులో ఒక్కోదానికి ఒక్కో శిఖరం. క్రియాటిన్‌ది 3.0 పీపీఎం దగ్గర. అందులోనే కలిసి కనిపించే ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి గుర్తించింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే!

ఇక అసలు సంగతి. కర్నూల్లోనో కడపలోనో ఫిట్స్‌తో వచ్చిన మనిషి మెదడులో గడ్డ కనబడిందనుకోండి. అది క్యాన్సరా, టీబీ గడ్డా? టీబీ గడ్డలో తరచుగా 1.3 దగ్గర కొవ్వు శిఖరం లేస్తుంది. దాంతోనే తేల్చెయ్యరు గానీ, అదొక ఆధారం. చిక్కేంటంటే, నెత్తి చర్మం కిందున్న కొవ్వు శిఖరం కూడా అక్కడే వస్తుంది. తల జరిగితే ఆ కొవ్వు సిగ్నల్ మెదడు లెక్కలోకి చొరబడుతుంది. లేని శిఖరం లేచి కూర్చుంటుంది.

ఇందులో మెదడును గళ్లు గళ్లుగా కొలుస్తారు. కానీ డేటా గడికొకటిగా రాదు. అంతా పోగేశాక లెక్కగట్టి విడదీస్తారు. అందుకే మధ్యలో వచ్చిన ఒక్క దగ్గు అన్ని గళ్లనూ పాడుచేయగలదు. ముందుగా సరిచేసి పెట్టిన అయస్కాంత క్షేత్రం కూడా చెదిరి, పక్కపక్క శిఖరాలు కలిసిపోతాయి.

దీనికి సాఫ్ట్‌వేర్ మందు ఉంది. మధ్యమధ్యలో చిన్న బొమ్మలు తీసో, కెమెరాతో చూసో తల ఎటు జరిగిందో పట్టుకుని, కొలిచే చోటునూ అటే జరుపుతారు. చెడిన ముక్కను పారేసి మళ్లీ తీస్తారు. కానీ ఈ సదుపాయం అన్ని మిషన్లలో ఉండదు. స్కాన్ అయిపోయాక చేసే దిద్దుబాటుకు ఒక హద్దుంది.

కాబట్టి ఇంట్లోవాళ్లను తీసుకెళ్లినప్పుడు “కదలాకవ్వా” అంటే చాలదు. లోపల దడదడా చప్పుడొస్తుందని ముందే చెప్పండి. దగ్గు, వణుకు, నడుంనొప్పి ఉంటే టెక్నీషియన్‌కు చెప్పండి, తల పక్కన మెత్తలు సర్దుతారు. మధ్యలో కదిలితే దాచకుండా చెప్పమనండి. మళ్లీ తీస్తే పోయేది కొన్ని నిమిషాలు. తప్పు గ్రాఫును నమ్మితే పోయేవి నెలలు.